పాత జట్టుతో తలపడే పెద్దాయన: పందెం లేని జోస్యాలకు చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పాఠకుల లేఖల్లో ఒక సోదరుడు రాసింది శ్రద్ధగా చదివాను. మ్యాచ్‌కు ముందు కుర్రాళ్లు చెప్పుకునే జోస్యాలన్నీ బెట్టింగ్‌కు తొలిమెట్టేననీ, పేపర్లు వాటికి చోటివ్వకూడదనీ ఆయన అన్నారు. బెట్టింగ్ గురించి ఆయన పడే బాధే నాదీ. కానీ నవ్వుకోవడానికి చెప్పే జోస్యాన్నీ, డబ్బు పెట్టి కాసే పందేన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు. నేను నకిరేకల్, కట్టంగూర్ వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా కబడ్డీ, వాలీబాల్ పిల్లల మధ్యే గడిచింది. ఆటగాడి మీద నలుగురూ నవ్వేలా ఒక జోస్యం చెప్పాలంటే ఆ ఆట తెలియాలి, అతని చరిత్ర తెలియాలి, అతనంటే కాస్త ప్రేమ ఉండాలి. పందెం కాయడానికి ఇవేవీ అక్కర్లేదు. ఫోన్లో చార్జింగ్ ఉంటే చాలు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి ఈమధ్య మా ఇంట్లో జరిగిన ఒక ముచ్చట కారణం. అది అమెరికా ఫుట్‌బాల్ గురించి.

మా బిడ్డ కుటుంబం పిట్స్‌బర్గ్‌లో ఉంటుంది. అంతకుముందు అల్లుడి ఉద్యోగం విస్కాన్సిన్ రాష్ట్రంలో. అందుకని ఆయన ఆ రాష్ట్రపు జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ అభిమాని అయ్యాడు. పిట్స్‌బర్గ్ బడిలో చదివే మనుమడేమో ఆ ఊరి జట్టు స్టీలర్స్ అంటే ప్రాణం పెడతాడు. ఒకే ఇంట్లో రెండు పార్టీలు. 2025 అక్టోబర్ 26 ఆదివారం రాత్రి ఆ రెండు జట్లకూ పిట్స్‌బర్గ్‌లోనే మ్యాచ్ పడింది. మనకు అది సోమవారం పొద్దున ఆరు కావస్తుండగా మొదలైంది.

ఆ మ్యాచ్ కోసం అందరూ అంతగా ఎదురుచూసింది ఆరన్ రాడ్జర్స్ వల్ల. ఆయన క్వార్టర్‌బ్యాక్. మన వాలీబాల్‌లో సెట్టర్ ఎట్లనో ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అట్ల. బంతి దాదాపు ప్రతిసారీ ముందు ఆయన చేతికే వస్తుంది, ఎవరికి అందించాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. రాడ్జర్స్ 2005లో గ్రీన్ బేలో చేరి 18 సీజన్లు అక్కడే ఉన్నాడు. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు నాలుగుసార్లు అందుకున్నాడు. 2011 ఫిబ్రవరిలో ప్యాకర్స్‌కు సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచిపెట్టాడు. అది ఎవరి మీదనుకున్నారు? ఇదే స్టీలర్స్ మీద, 31–25తో. 2023లో ప్యాకర్స్ ఆయన్ని న్యూయార్క్ జెట్స్‌కు పంపించేసింది. అక్కడ మొదటి మ్యాచ్ మొదట్లోనే కాలి మడమ వెనక స్నాయువు తెగి, ఆ సీజన్ మొత్తం పోయింది. 2025లో స్టీలర్స్‌కు వచ్చాడు. ఎవరి నోటికాడి కప్పు లాక్కున్నాడో వాళ్ల చొక్కా వేసుకుని, ఎవరికి కప్పు తెచ్చిపెట్టాడో వాళ్ల మీద ఆడాలి. అప్పటికి వయసు 41. లీగ్‌లో 32 జట్లుంటే 31 జట్లను ఓడించేశాడు, మిగిలింది తను ఎదిగిన జట్టు ఒక్కటే. మొత్తం 32 జట్లనూ ఓడించిన క్వార్టర్‌బ్యాక్‌లు అప్పటికి నలుగురే: బ్రెట్ ఫార్వ్, పేటన్ మానింగ్, డ్రూ బ్రీస్, టామ్ బ్రేడీ.

గ్రీన్ బే గురించి కూడా ఒక మాట చెప్పాలి. లక్ష పైచిలుకు జనాభా, మన నల్లగొండ పట్టణం కంటే చిన్న ఊరు. ఆ జట్టుకు కోటీశ్వరుడైన ఓనరు లేడు. 1923 నుంచీ వాటాలు కొనుక్కున్న మామూలు జనమే యజమానులు, ఆ వాటాల మీద లాభం కూడా పంచరు. స్టేడియంలో 80 వేలమందికి పైగా పడతారు. అయినా సీజన్ టికెట్ కోసం పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూసేవాళ్లున్నారు. అలాంటి ఊళ్లో అన్నేళ్లు ఆడినవాడు ఇంకో చొక్కాలో ఎదురొస్తే మనసు కలుక్కుమనదా? అల్లుడికి ఇప్పటికీ అనిపిస్తుందట.

మ్యాచ్‌కు ముందురోజు నేను మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక పోటీ పెట్టాను. మా వీధిలో ఇద్దరు ముగ్గుర్ని, నా దగ్గర కబడ్డీ ఆడిన పిల్లల్నీ అందులో కలిపాను. షరతులు ఇవీ: ఎవరు గెలుస్తారో చెప్పొద్దు, రాడ్జర్స్ ఏం చేస్తాడో చెప్పాలి. వినగానే నవ్వు రావాలి. రూపాయి మాట ఎత్తకూడదు.

మా ఇంటామెకు ఆ ఆటలో ఓనమాలు తెలియవు. సంగతంతా విని, బియ్యం చెరుగుతూనే చెప్పింది: "పద్దెనిమిదేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నోడు. బస్సు దిగంగనే అలవాటు కొద్ది ఆ పాతోళ్ల గదిలకే పోయి కూసుంటడు సూడు. వాళ్లు సుత లెవ్వుమని అనలేరు, జరిగి జాగిస్తరు."

మా పక్కింటాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాడు. ఆయన జోస్యం: "ప్యాకర్సోళ్లు ఆయనకు చిల్లర బాకీ ఉన్నరు. దిగేటప్పుడు తీస్కొమ్మని టికెట్ ఎనక రాసిచ్చిండ్రు. తొందర్ల దించేసిండ్రు. గా టికెట్ పట్కొని ఇయ్యాల వసూలుకు వస్తున్నడు."

రాడ్జర్స్ 2023 ఫిబ్రవరిలో ఇంకా ఆడాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆరెగాన్ రాష్ట్రంలో ఒక చీకటి గదిలో కొన్ని రోజులు ఒంటరిగా ఉండి వచ్చాడు. ఇది నిజంగా జరిగింది. ఈ సంగతి చెప్పగానే నా పాత శిష్యుడొకడు, ఇప్పుడు కేతేపల్లి దగ్గర వ్యవసాయం చేసుకుంటున్నాడు, ఫోన్లోనే అందుకున్నాడు: "సార్, రాత్రి కరెంటు కోసం నేను బాయి కాడ ఎన్నేండ్లు చీకట్ల కూసున్న! నాకెందుకియ్యలే ఎంవీపీ? ఈ మ్యాచ్‌ల కష్టమొస్తే ఆయన ఒక్కపారి స్టేడియం లైట్లు బందు చెయ్యమంటడు సూడండ్రి. చీకట్లనైతే ఆయనకు మంచిగ ఆలోచనొస్తది."

అల్లుడు కొంచెం లెక్కగా ఆలోచించాడు. రెండు జట్ల రంగుల్లోనూ పసుపు ఉంది. స్టీలర్స్ హెల్మెట్లు మామూలుగా నలుపు, ప్యాకర్స్ హెల్మెట్లు పసుపు. "కంగారులో పసుపు కనపడ్డ చోటికి బంతి వేస్తాడు మామయ్యా, అలవాటైన తలకాయలు అవే కదా" అన్నాడు. మనుమడి జోస్యం అందరికంటే చిన్నది. ప్యాకర్స్ అభిమానులు జున్ను ముక్క ఆకారంలో టోపీలు పెట్టుకుంటారు, స్టీలర్స్ అభిమానులు 1975 నుంచీ పసుపు తువ్వాళ్లు ఊపుతారు. "తాతా, మ్యాచ్ అయిపోయాక ఆయన ఒక జున్ను టోపీ అడిగి తీసుకుని, మా తువ్వాల్లో మూటకట్టుకుని ఇంటికి తీసుకెళ్తాడు" అన్నాడు.

వీటిల్లో ఎక్కడైనా కుళ్లు ఉందా, చెప్పండి? వెళ్లిపోయినవాడు ఇంకా మనవాడేనన్న మాటే ప్రతిదాన్లోనూ ఉంది. నా మటుకు మా ఇంటామెదే మొదటి బహుమతి. ఆట తెలియకపోయినా మనిషి తెలిసి చెప్పింది.

ఇక ఆట. సగం అయ్యేసరికి స్టీలర్స్ 16–7తో ముందుంది. మనుమడి మెసేజీలకు నా ఫోన్ ఆగలేదు. తర్వాత ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్ అందుకున్నాడు. ఒక దశలో వరుసగా 20 పాస్‌లు, ఒక్కటీ నేలపాలు కాకుండా తన వాళ్ల చేతుల్లో పెట్టాడు. ఎవరీ లవ్? రాడ్జర్స్ గ్రీన్ బేలో ఉన్నప్పుడు మూడు సీజన్లు ఆయన వెనక బెంచీ మీద కూర్చున్న కుర్రాడు. రాడ్జర్స్ కూడా అంతకుముందు అదే బెంచీ మీద బ్రెట్ ఫార్వ్ వెనక మూడు సీజన్లు కూర్చున్నాడు. చివరికి ప్యాకర్స్ 35–25తో గెలిచింది. రాడ్జర్స్ రెండు టచ్‌డౌన్ పాస్‌లు, అంటే బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు, వేశాడు గానీ సరిపోలేదు. 32వ జట్టు అలాగే మిగిలిపోయింది.

మనుమడు ఏడుపు ఒక్కటే తక్కువగా వీడియో కాల్ చేశాడు. తువ్వాలు మెడలోనే ఉంది. వాణ్ని ఏమని ఓదార్చాలో నాకు తెలియలేదు. అప్పుడే చాయ్‌కి వచ్చిన మా కండక్టర్ సాబ్ ఫోన్ తీసుకుని, "బిడ్డా, బాకీ ఇంకా అట్లనే ఉన్నది. టికెట్ మాత్రం పారెయ్యొద్దని మీ రాడ్జర్స్‌కు చెప్పు" అన్నాడు. వాడు కిసుక్కున నవ్వేశాడు. వాళ్ల నాన్న కూడా వెనక నుంచి నవ్వాడు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే మాటకు నవ్వడం పందెం కాసేవాళ్ల మధ్య నేనెప్పుడూ చూడలేదు.

ఫార్వ్ సంగతి ఇంకా గట్టిది. 16 సీజన్లు గ్రీన్ బేలో ఆడి, 2008 మార్చిలో కన్నీళ్లు పెట్టుకుని రిటైర్మెంట్ ప్రకటించి, అదే ఏడాది జెట్స్‌కు ఆడాడు. 2009లో ప్యాకర్స్‌కు పక్క రాష్ట్రపు బద్ధశత్రువైన మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరాడు. అక్టోబర్ 5న పాత జట్టును 30–23తో ఓడించాడు. నవంబర్ 1న ఏకంగా గ్రీన్ బేకే వెళ్లి, ఎగతాళి అరుపుల మధ్య నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేసి 38–26తో గెలిచాడు. అప్పటికి ఆయనకు నలభై నిండి నెల కూడా కాలేదు. ఎదుటి పక్క ఉన్న కుర్ర క్వార్టర్‌బ్యాక్ రాడ్జర్సే. అన్ని అరుపులు అరిచిన ఊరు 2015 జులైలో అదే స్టేడియంలో నిండుగా కూర్చుని ఆయన్ని గౌరవించింది, ఆయన వేసుకున్న 4వ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది.

మన దగ్గరా ఇలాంటివి తక్కువేం కాదు. 2019 జులైలో ప్రో కబడ్డీ సీజన్ హైదరాబాద్‌లో మొదలైనప్పుడు, అన్నేళ్లు తెలుగు టైటాన్స్‌కు ముఖంగా ఉన్న రాహుల్ చౌదరి తమిళ్ తలైవాస్ తరఫున గచ్చిబౌలిలో దిగాడు. మా కబడ్డీ పిల్లలు ముందే ఒక జోస్యం చెప్పారు: "సార్, రాహుల్ రైడ్‌కొస్తడు. కానీ ఇది ఆయన ఇల్లే కదా, వాపస్ పోవుడు మర్చిపోయి మనోళ్ల కోర్టులనే నిలవడతడు. ఊపిరి ఆగేదాక ఎవ్వరు పట్టుకోరు." రైడర్ గీత దాటి వెనక్కి వస్తేనే పాయింటు అన్న నియమం మీద కట్టిన జోస్యం ఇది. కబడ్డీ ఆడనివాడికి రాదు. ఆ రోజు తలైవాస్ 39–26తో గెలిచింది, రాహుల్ చక్కగా వెనక్కి వెళ్లిపోయాడని పిల్లలు ఎంత నొచ్చుకున్నారో!

డేవిడ్ వార్నర్ 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చాడు, 2021లో కెప్టెన్సీ పోయి జట్టులోనే చోటు లేకుండా పోయింది. 2022 మే 5న ఢిల్లీ తరఫున మన జట్టు మీదే 58 బంతుల్లో 92 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లలో మన జట్టు ఓడిందని బాధపడ్డవాళ్ల కంటే వార్నర్ కొట్టాడని చప్పట్లు కొట్టినవాళ్లే ఎక్కువ. మన హైదరాబాద్ సిరాజ్ ఏడు సీజన్లు బెంగళూరుకు బౌలింగ్ చేసి, 2025 ఏప్రిల్ 2న గుజరాత్ తరఫున అదే చిన్నస్వామి స్టేడియంలో 19 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. ఆటగాడు జట్టు మారితే ద్రోహి అని ఇంట్లో ఆడవాళ్లను కూడా వదలకుండా బూతులు రాసేవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆ కోపానికి దారి మళ్లించాలంటే నవ్వు కావాలి. నా పిల్లల విషయంలో అది పనిచేయడం కళ్లారా చూశాను.

ఇప్పుడు ఆ సోదరుడు రాసిన బెట్టింగ్ మాటకు వస్తాను. నా దగ్గర వాలీబాల్ ఆడిన ఒక అబ్బాయి, మంచి ఎత్తు, స్మాష్ కొడితే బంతి కోర్టులో పడి కంచె అవతలికి ఎగిరేది. ఐపీఎల్ రోజుల్లో ఒక సాయంత్రం గ్రౌండ్ గోడ మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. మ్యాచ్ చూస్తున్నాడేమోనని పక్కన కూర్చున్నాను. తెరమీద ఆట లేదు, అంకెలు మారుతున్నాయి. బొటనవేలు తెర మీద వణుకుతోంది. "ఎవరు బౌలింగ్ రా?" అంటే చెప్పలేకపోయాడు. ఒకప్పుడు బౌలర్ చెయ్యి తిప్పే తీరు చేసి చూపించి అందర్నీ నవ్వించినవాడు. తర్వాత బండి అమ్ముకున్నాడని తెలిసింది, వాళ్లమ్మ పుస్తెలతాడు కుదువలోకి వెళ్లిందని తెలిసింది. మన రాష్ట్రం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం చేసింది. రెండూ మంచి పనులే, గట్టిగా అమలు కావాలి. కానీ మ్యాచ్ ముందు పిల్లవాడికి ఏదో ఒకటి ఊహించాలని, తన మాట నలుగురూ వినాలని ఉంటుంది. ఆ కోరిక తప్పు కాదు. దానికి మంచి చోటు లేకపోతే చెడ్డ చోటు వెతుక్కుంటాడు.

ఆ చోటు మీ పేపర్ ఇవ్వాలని నా విన్నపం. మీ క్రీడా పేజీలో పెద్ద మ్యాచ్ రోజున ఏ జట్టుకు ఎంత శాతం గెలుపు అవకాశమో రంగుల బొమ్మ వేస్తున్నారు. దాన్ని చదివి నవ్వినవాణ్ని నేను చూడలేదు, పందెం లెక్క వేసుకున్నవాళ్లను చూశాను. దాని బదులు అదే జాగాలో ఒక చిన్న పెట్టె కట్టి పాఠకుల జోస్యాలు వేయండి. ముఖ్యంగా ఒక పెద్ద ఆటగాడు తన పాత జట్టు మీద ఆడే రోజున. ఆట గురించి, ఆటగాడి అలవాట్ల గురించి మాత్రమే ఉండాలి. కులం, ప్రాంతం, ఇంట్లోవాళ్లు, ఒంటి రంగు ప్రస్తావన వస్తే చించి పారేయండి. స్కోరు చెప్పినవీ తీసుకోవద్దు, అక్కడే పందెం వాసన మొదలవుతుంది. నగదు బహుమతి అసలే వద్దు. నచ్చిన జోస్యం పంపినవాళ్ల పేరు మీద వాళ్ల మండలంలోని ఏదైనా సర్కారు బడికి ఒక వాలీబాల్ ఇవ్వండి. ఆ బంతికయ్యే ఖర్చు మీకు బరువైతే మాలాంటి రిటైరైన పీఈటీలం నల్లగొండ, పాలమూరు జిల్లాల వరకు పంచుకుంటాం. తోటివాళ్లతో మాట్లాడే రాస్తున్నాను.

మొదలుపెట్టడానికి మంచి సందర్భం కూడా ఉంది. 2025 నవంబర్‌లో రవీంద్ర జడేజాను చెన్నై వదులుకుంది, ఆయన 2008లో ఐపీఎల్ మొదలుపెట్టిన రాజస్థాన్‌కే తిరిగి వెళ్లాడు. 2012లో చెన్నై వచ్చినవాడు. ఆ జట్టు నిషేధంలో ఉన్న రెండేళ్లు తప్ప అప్పటిదాకా అక్కడే ఉన్నాడు. 2023 ఫైనల్లో చివరి రెండు బంతులకు 10 పరుగులు కావాలంటే ఒక సిక్సు, ఒక ఫోరు కొట్టి కప్పు ఇచ్చాడు. ఇక రాజస్థాన్ తరఫున ఆయన చెన్నై మీద ఆడాలి. మా గ్రౌండ్‌లో అప్పుడే జోస్యాలు మొదలయ్యాయి. ధోనీ బ్యాటింగ్ చూడాలని జడేజా ఎప్పుడు ఔటవుతాడా అని చెన్నై అభిమానులు ఎదురుచూసేవాళ్లన్నది అందరికీ తెలిసిందే. దాని మీద మా ఇంటర్ పిల్లవాడొకడు చెప్పింది మీ పెట్టెకు మొదటి జోస్యంగా పంపుతున్నాను:

"జడేజా బౌలింగ్‌కు రాంగనే చెన్నై స్టేడియం మొత్తం వికెట్ పడాలని ఆయన దిక్కే అరుస్తది సార్. ఎందుకంటరా? వికెట్ పడితేనే కదా ధోనీ వచ్చేది. పాపం, ఆయన ఏ జట్ల ఉన్నా వాళ్లకు కావాల్సింది వికెట్టే."

మా ఇంటామెది కూడా కలిపి వేసుకోండి. టాస్ అయ్యాక జడేజా పసుపు చొక్కాల వరుసలోకే వెళ్లి నిలబడతాడట, ధోనీ చెయ్యి పట్టుకుని గులాబీ చొక్కాల దాకా దింపి వస్తాడట.

ఇట్లు,
ఒక విశ్రాంత పీఈటీ,
నల్లగొండ.